పెరుగన్నం పిల్లి

పక్క వాటాలో అద్దెకున్నవాళ్ళు ఎండు నెత్తళ్ళ చేపలు వేయించినప్పుడల్లా నాకు సుగుణమ్మ టీచర్ గుర్తొస్తారు. అరవైల మొదట్లో వాకాడులో మా ఇంటి వసారా గదిలో అద్దెకుంటూ, బడిలో మాకు సైన్సు చెప్పిన మనిషి. ఏసు పటం, ఒక ట్రంకుపెట్టె, నాలుగు గిన్నెలు, అంతే సామాను. మా ఇంట్లో చేపా మాంసం, ఏ నీచూ వండరు. తానూ ఆ గదిలో వండనని మాటిచ్చి చేరారు, ఏనాడూ తప్పలేదు. అయినా మా అవ్వకు నమ్మకం కుదరలేదు. టీచర్ బయటికి పోగానే కిటికీ దగ్గర నిలబడి వాసన చూసేది. నేనూ పక్కన చేరి చూసేదాన్ని. అనుమానపు ముక్కు మా వంశానిది!

ఒకరోజు టీచర్ బోర్డుమీద "మాంసాహారి" అని రాసి, మాంసం తిని బతికే జీవి అని అర్థం చెప్పారు. పులి, గద్ద, మొసలి అని మేం అరిచాం. "పిల్లి కూడా" అన్నారామె. నేను లేచి నిలబడ్డాను. "మా పిల్లి కాదు టీచర్, పెరుగన్నమే తింటుంది." క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "మీరు పెట్టింది తింటుంది. దాని పళ్ళు, గోళ్ళు ఎట్లా ఉన్నాయో చూడు. అది తిట్టు కాదమ్మా, దాని ఒంటి తీరు చెప్పే మాట."

ఇంటికొచ్చి చెబితే అవ్వ ఒంటికాలిమీద లేచింది. "నా పిల్లి నీచు తింటాదంటుందా? తన బుద్ధి బయటపెట్టుకునింది!" ఆ వారంలోనే అవ్వ ప్రాణంగా పెంచుకునే చిలక పంజరంలోంచి మాయమైంది. అవ్వ నేరుగా టీచర్ గదిలోకి పోయి, గిన్నెల మూతలు తీసి చూసింది. "యాడ పెట్టినావు నా చిలకను? తినేవాళ్ళకి కోడైతేనేం, చిలకైతేనేం! పెట్టె సర్దుకో." ఒంటరి ఆడమనిషికి ఆ ఊళ్ళో మరో గది దొరకడం మాటలు కాదు. నాకు ఏడుపొచ్చేసింది. "ముందు ఇల్లు వెతుకుదాం రండమ్మా" అన్నారామె మెల్లగా. ధాన్యం గాదె వెనక పచ్చటి ఈకలు, వాటి మధ్య కాళ్ళు నాక్కుంటూ మా పిల్లి కనబడ్డాయి.

అవ్వ చీపురెత్తితే టీచరే అడ్డం పోయారు. "కొట్టబాకండమ్మా. అది దొంగ కాదు, మాంసాహారి." అవ్వ చీపురు పడేసి, "సరే, నువ్వు ఉండులే" అని గొణిగింది.

టీచర్ ఉండలేదు. ఆదివారం చర్చి నుంచి వస్తూ బండి మాట్లాడుకొచ్చారు. చేపలు పట్టేవాళ్ళ పల్లెపాలెంలో ఎవరో పాక ఇస్తామన్నారట. "నా గిన్నెల మూతలు తీసినారు గదమ్మా. ఇంక ఆ గిన్నెల్లో నాకు ముద్ద దిగదు" అన్నారు.

ఆ అనుమానపు ముక్కు నాకింకా పోలేదు. ఇంట్లో ఏది కనబడకపోయినా మనసు ముందు పక్క వాటావైపే లాగుతుంది. అప్పుడు నేను లేచి, నా మంచం కింద వెతకడం మొదలుపెడతాను.