ఒక్కసారి మొహం తిప్పినందుకు

మా ఆయన ఊహల్లో ఎక్కని కొండ లేదు, దాటని సముద్రం లేదు. ఇంట్లో మాత్రం లేచి మంచినీళ్లు తాగాలన్నా నేనే గ్లాసు అందించాలి.

ఈయన బడి యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టరు. పొడుగాటి బల్లమీద గుడ్డ నలభై పొరలు పరిచి, సుద్దతో గీసి, మిషను కత్తితో ఒక్కసారే కోయాలి. రోజుకు పదిగంటలు నిలబడే పని. చొక్కా చేతులకైతే ఒక పొర వెల్లకిలా, ఒక పొర బోర్లా పరవాలి. లేదంటే అన్నీ ఒకే చేతివి వస్తాయి. ఒకరోజు ఈయన అన్ని పొరలూ ఒకేలా పరిచేశారు. నలభైకి నలభై ఎడమ చేతులే తయారయ్యాయి. ఓనరు నెత్తీ నోరూ బాదుకుని, "ఎక్కడున్నావయ్యా బాబూ?" అన్నాడట. "ఓడ మునుగుతోందండీ, చెక్క పట్టుకుని ఈదుతున్నా" అన్నారట ఈయన. ఇలాంటి మనిషితో కాపురం నాది.

ఆ ఓడలూ, పులులూ సాయంత్రానికి మా అమ్మాయి దగ్గరికి చేరేవి. అన్నీ తనకే జరిగినట్టు చెప్పేవారు. పిచ్చిది, ఎనిమిదేళ్లదాకా నమ్మింది. తొమ్మిదో ఏట బళ్లో గొప్పగా చెప్పి నవ్వులపాలై వచ్చింది. "నాన్నా, నువ్వు చెప్పేవన్నీ అబద్ధాలే కదా" అంది, తల కూడా ఎత్తకుండా. ఆరోజు ఆయన అన్నం ముట్టలేదు. అబద్ధాలాడినందుకు నాకు ఒళ్లు మండింది కానీ, ఆ మొహం చూసి ఏమీ అనలేకపోయాను.

ఆ నెలలోనే సినిమావాళ్ల బట్టల మాస్టరు వర్క్‌షాపుకు వచ్చాడు. హీరోకూ, అతని బదులు కొండమీంచి నీళ్లలోకి దూకే డూపుకూ ఒకే రకం చొక్కాలు నాలుగు కావాలన్నాడు. కొలత సరిచూడటానికి ఒకటి ఈయనకే తొడిగి, వెనక్కి తిరగమన్నాడు. వీపు, భుజాలు, మెడ, అన్నీ అచ్చు గుద్దినట్టు హీరోవే. అసలు డూపు జ్వరంతో పడి ఉన్నాడు. "ఈత వచ్చా?" అని అడిగాడు. ఈయన చెప్పుకునేవాటిలో ఈత ఒక్కటే నిజం.

నేను ససేమిరా అన్నాను. "మతి పోయిందా మీకు? కింద రాళ్లుంటే?"

"తాడు కడతారే."

"కడితే మాత్రం? ఆ రెండు కాళ్లమీద మీరు నిలబడితేనే కదా మన పొయ్యి వెలిగేది."

నేను గోడకు చెప్పినట్టే అయింది. ఆయన అమ్మాయి వైపు తిరిగి, "తెరమీద నా మొహం చూద్దువుగానిరా తల్లీ" అన్నారు.

"ఈసారి నిజమేనా?" అందది.

"ఈసారి నిజమే."

మూడోరోజు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. కుడికాలు రెండు చోట్ల విరిగింది. వరండాలో ఆ బట్టల మాస్టరు నా ఎదుట చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"మొదటిసారి బ్రహ్మాండంగా దూకాడమ్మా. కానీ డూపు వీపే కనపడాలి. దూకేముందు కెమెరా వైపు మొహం తిప్పి నవ్వాడు. అది పనికిరాదు కదా, మళ్లీ దూకమన్నారు. అప్పటికి గాలి పెరిగింది. తాడు పక్కకు లాగేస్తే రాయికి తగిలాడు."

కడిగేద్దామనే లోపలికి వెళ్లాను. "ఎందుకు తిప్పారు?" అంటే, "దానికి మాటిచ్చాను కదే. నవ్వు బాగా వచ్చింది. మొదటిదే వాడతారేమో" అన్నారు. ఇంకేం తిడతాను?

కట్టు విప్పేసరికి ఆ కాలు అంగుళం పొట్టిదైంది. నిలబడే పని పోయింది. ఇప్పుడదే వర్క్‌షాపులో మూల కూర్చుని గుండీలు కుడుతున్నారు. అమ్మాయి మాత్రం "మా నాన్న దూకాడు, మీరే చూద్దురుగాని" అని బడంతా చెప్పుకుని వచ్చింది.

సినిమా వచ్చిన వారం మధ్యాహ్నం ఆటకు ముగ్గురం వెళ్లాం. ఆయనకు నేను ఒకపక్క, అది ఒకపక్క కూర్చున్నాం. ఆ ఘట్టం వచ్చింది. కొండ అంచున ఒక వీపు కనిపించింది. తిరగలేదు, నవ్వలేదు, దూకింది. గాలిలో చొక్కా ఒక పక్కకు గుంజుకుపోయింది. అది రెండోసారి దూకినప్పటిదని నాకు అర్థమైంది. హాలంతా ఈలలు వేసింది. మా ఆయన కాలు విరగబోయే క్షణానికి అంతమంది చప్పట్లు కొడుతుంటే నేను కళ్లు మూసుకున్నాను.

ఆట అయ్యాక బయట మెట్లమీద అమ్మాయి ఆగింది. "నాన్నా, నీ మొహం ఏది?"

"మొదటిసారి దూకినప్పుడు తిప్పానమ్మా. వాళ్లు తీసేశారు."

"ఎందుకు తీసేశారు?"

"తిప్పకూడదట. మళ్లీ దూకమన్నారు."

అది ఆయన కాలువైపు చూసింది. "మరి కాలు ఎప్పుడు విరిగింది? రెండోసారా?"

దాని మొహం మెల్లగా పాలిపోవడం నేనూ చూశాను, ఆయనా చూశారు. "నాకు చూపించాలనేనా తిప్పావు?" అంది.

ఆయన గలగలా నవ్వేశారు. "ఛఛ, అంతా ఉత్తిదే. నేనసలు దూకనే లేదు. ఆ వీపు వేరేవాడిది. నేను అక్కడ టీ తెచ్చుకుంటూ మెట్లమీద జారిపడ్డాను."

నిజం చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూసి, వద్దని తల ఊపారు. నోరు మూసుకున్నాను.

"నువ్వు దూకలేదని నాకు తెలుసు" అంది అమ్మాయి. ఆయన చెయ్యి వదిలి, చుట్టూ తిరిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన్ని కథ చెప్పమని అడగలేదు.