జాసూస్ గోళ్ళు, అత్తమ్మ మగ్గం

ఆ రోజుల్లో నేను ఎవరినీ నమ్మేదాన్ని కాదు. కోచింగ్ కోసం అమీర్‌పేట వచ్చిన వాళ్ళెవరికైనా ఈ జబ్బు అంటుకోక తప్పదు. అడుగు తీసి అడుగేస్తే చేతిలో కరపత్రం కుక్కి "హండ్రెడ్ పర్సెంట్ జాబ్ అక్కా" అనే చోట నమ్మకమనేది ఎన్నాళ్ళు నిలుస్తుంది? జ్యూస్ బండి అతను గ్లాసులో పండు కంటే ఐసే ఎక్కువ వేస్తున్నాడని అనుమానం, క్లాసులో పక్కనమ్మాయి అన్నీ చదివేసి "నాకేం రాదే" అంటోందని అనుమానం. అలాంటి నేను ఒక వానరోజు మెట్రో స్తంభం కింద తడిసి వణుకుతున్న పిల్లిపిల్లను చూసి, ముందూ వెనకా ఆలోచించకుండా చున్నీలో చుట్టి నేనుంటున్న మా మేనత్త ఇంటికి తీసుకొచ్చాను. (దారి పొడవునా అది నన్ను అనుమానంగా చూస్తూనే ఉంది. ఆ చూపు చూసి ముచ్చట పడ్డాను, మనిద్దరం ఒకటే జాతి అని.)

అత్తమ్మ వాళ్ళది నేతపని కుటుంబం. పట్నం వచ్చాక మామ పంజాగుట్టలో టైలరింగ్ దుకాణం పెట్టుకుంటే, అత్తమ్మ ఇంట్లోనే పెళ్ళి బ్లౌజులకు మగ్గం వర్క్ చేసేది. హాలు మధ్యలో పొడవాటి చెక్క చట్రం, దానికి నాలుగు వైపులా లాగి బిగించిన పట్టుగుడ్డ, దాని ముందు చాప మీద అత్తమ్మ. జరీ, పూసలు, చమ్కీలు ఆవిడ చేతిలో పడితే చాలు, తీగలూ పువ్వులూ అయిపోయేవి. ఆ చట్రానికి రోజూ పొద్దున్నే బొట్టు పెట్టి దండం పెట్టుకుంటే తప్ప సూది పట్టేది కాదు. ఇంట్లో ఎవరి కాలైనా పొరపాటున మగ్గానికి తగిలిందా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. పిల్లి మాత్రం ఫ్రిజ్ మీది నుంచో, తలుపు సందులోంచో ఇంటిల్లిపాదినీ కనిపెడుతూ ఉండేది. అది చూసి మామ దానికి 'జాసూస్', అంటే గూఢచారి, అని పేరు పెట్టాడు.

జాసూస్ పెద్దదయ్యాక అసలు గుణం బయటపడింది. ముద్దు చేస్తే గీరేది, ముద్దు చేయడం మానేస్తే ఎందుకు మానేశావని గీరేది. నా చేతులనిండా ఎర్రటి గీతలు. ఆ చేతులతోనే ఒక ఇంటర్వ్యూకి వెళితే అక్కడి మేడమ్ నా సర్టిఫికెట్లు పక్కనపెట్టి, గొంతు తగ్గించి, "ఏంటమ్మా ఆ చేతులు? ఇంట్లో అంతా బానే ఉందా?" అని అడిగింది. "పిల్లి గీరింది మేడమ్" అన్నాను. ఆవిడ నిట్టూర్చి, "అందరూ ఇలాగే ఏదో ఒకటి చెప్తారమ్మా" అంది. ఉద్యోగం రాలేదు కానీ మంచినీళ్ళు మాత్రం రెండుసార్లు ఇప్పించింది.

నా చేతులు పోతే పోయాయి, ఒకరోజు అది మగ్గం మీదే చేయి చేసుకుంది. బంజారా హిల్స్ పెళ్ళికూతురి బ్లౌజు, వీపు భాగం, అడ్డంగా చీలిపోయింది. అత్తమ్మ ఆ చిరుగు మీద రాత్రీ పగలూ కూర్చుని ఒక నెమలిని కుట్టింది. పెళ్ళికూతురి తల్లి బ్లౌజుని తిరగేసి మరగేసి, "నెమలి మేం చెప్పలేదే?" అంది. "శుభం మేడమ్, గిది మా దిక్కుకెల్లి, పైసల్లేకుంట" అంది అత్తమ్మ. ఆవిడ మెట్లు దిగిందో లేదో నా వైపు తిరిగి, "పిల్లా, గీ జాసూస్ ఉంటే నా నోట్ల మన్నే! దాని గోర్లన్న మళ్ళ మొలవకుంట పీకియ్యి, లేకుంటే యూసుఫ్‌గూడల ఏడ్నన్న ఇడిసిపెట్టి రా" అని తేల్చేసింది. నేను జాసూస్‌ని గబుక్కున ఒళ్ళోకి లాక్కున్నాను. ఆ ఊళ్ళో నేను నమ్మిన ప్రాణి అదొక్కటే మరి.

కూరగాయల బుట్టలో జాసూస్‌ని పెట్టి, పైన మూత కట్టి, ఇద్దరం ఆటోలో పంజాగుట్ట పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరమ్మ కోస్తా వైపు అమ్మాయి, నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. (ఇంత చిన్నది డాక్టరేనా అని గోడ మీది సర్టిఫికెట్ నేను, టేబుల్ మీది పేరు అత్తమ్మ, విడివిడిగా పరీక్షించాం.) ఎక్కడ గీరుతుందని అడిగితే అత్తమ్మ అందుకుంది. "మగ్గం మీదనే! ఇంట్ల సోఫా ఉన్నది, పరుపు ఉన్నది, వాటిని ముట్టదు. నేను చాయ్ పెట్టనీకి లేస్తనా, నేను కూసున్న దిక్కే వచ్చి గీకుతది. గోర్లు పీకెయ్యాలె, గంతే."

"గోళ్ళు పీకడమంటే గోరొక్కటే ఊడి రాదండీ. వేలి చివరి కణుపు ఎముకతో సహా కోసేయాలి. మీ పది వేళ్ళూ ఆ కణుపు దగ్గర కోసేస్తే మీరు సూది పట్టుకోగలరా?"

అత్తమ్మ గభాల్న చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. "నాకెందుకు కోస్తరు? నేనేం జేసిన?"

"అది మాత్రం ఏం చేసిందండీ? గీరడం దానికి ఒళ్ళు విరుచుకోవడం లాంటిది. గోళ్ళు లేకపోతే నొప్పితో కొరకడం మొదలుపెడుతుంది. ఆ ఆపరేషన్ నేను చేయను, ఎవరూ చేయకూడదు కూడా." తర్వాత నా చేతులు చూసి, చేతులతో ఆడించొద్దు, తాడు ఊపి ఆడించు, తోక విసురుతుంటే వదిలెయ్, గోళ్ళ చివర్లు మాత్రం కత్తిరిస్తుండు అని చెప్పింది. గీరుకోవడానికి దానికంటూ ఒకటి గట్టిగా నిలబెట్టమంది. "గది అమ్మే దుకాణం సుత మీదేనా?" అంది అత్తమ్మ వెంటనే. (అదే ప్రశ్న నా నాలుక చివర్లోనూ ఉంది.) డాక్టరమ్మ నవ్వింది. "కొనక్కర్లేదండీ. చెక్కకి గోనెపట్టా బిగించి మీ పక్కనే పెట్టండి. పిల్లులు తమ మనిషి ఉండే చోటే గీరి గుర్తు పెట్టుకుంటాయి. మిమ్మల్ని తన మనిషి అనుకుంటోంది."

ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ నేను లెక్కలు వేస్తూనే ఉన్నాను. వానలోంచి తెచ్చింది నేను, చేపముక్కలు తెచ్చి పెట్టేది నేను, గీతలు పడ్డది నాకు. తన మనిషి మాత్రం, చెప్పు విసిరే అత్తమ్మా! అత్తమ్మ బుట్ట మూత సందులోంచి లోపలికి తొంగి చూస్తోంది. ఎర్రమంజిల్ దాకా వెళ్ళి ఎవరికో బ్లౌజు ఇచ్చి వెనక్కి మళ్ళాక, "గంటే, ప్రేమతోని చింపిందంటవా?" అని మెల్లగా అడిగింది.

ఇంటికి రాగానే పాత మగ్గం చట్రం తీసి గోనెపట్టా బిగించింది. అత్తమ్మ బిగింపంటే మాటలు కాదు, గోనెపట్టా వేలితో కొడితే మోగింది. అలవాటు ప్రకారం బొట్టు పెట్టి, దండం పెట్టి, తన చాప పక్కన గోడకు కట్టింది. జాసూస్ వచ్చి వాసన చూసి, నిలువునా సాగి ముందుకాళ్ళు దానిమీద వేసిందో లేదో, "కాలు! మగ్గానికి కాలు తగుల్తున్నది! లే!" అని అత్తమ్మ దాన్ని వీధి గుమ్మం దాకా తరిమింది. "దానికోసమే కదా కట్టింది అత్తమ్మా!" అంటే, "కట్టిన గని, బొట్టు పెట్టిన బిడ్డా" అంది తల పట్టుకుని. అలా రోజులు గడిచాయి. అది రావడం, ఆవిడ అదిలించడం, అది కోపంతో అసలు మగ్గం వైపు చూడటం. డాక్టరమ్మ మాట ఉత్తదే అని నా అనుమానం ఖాయం చేసుకుంటుండగా మామ అన్నం తింటూ తల ఎత్తకుండా, "దాన్ని మగ్గం అనకు, తడక అను" అన్నాడు. అత్తమ్మ కాసేపు ఆలోచించి, దేవుడికి చెప్పుకుని, తడిగుడ్డతో బొట్టు తుడిచేసింది. తడకకు కాలు తగిలితే పాపమెక్కడిది? జాసూస్ మర్నాడే దాన్ని పీచు పీచు చేసింది, అత్తమ్మ "శెబ్బాష్" అని ఎండు చేపముక్క పెట్టింది. గోళ్ళ చివర్లు కూడా ఆవిడే ఒళ్ళో కూర్చోబెట్టుకుని కత్తిరించేది. నన్ను మాత్రం కత్తెర చేతపట్టి దగ్గరికి రానిచ్చేది కాదు, ఆ పిల్లి.

చివరికి నాకూ ఒక ఉద్యోగం దొరికింది. యూసుఫ్‌గూడలో గది తీసుకుని, సామాను సర్దుకుని, జాసూస్ కోసం బుట్టతో వచ్చాను. "నీ పిల్లే గద బిడ్డా, తీస్కపో" అంది అత్తమ్మ తలెత్తకుండా. పూసల సూదిలోకి దారం ఎక్కిస్తోంది, ఎక్కడం లేదు. జాసూస్ నా దగ్గరికి వచ్చి, బుట్ట వాసన చూసి, తిన్నగా వెళ్ళి అత్తమ్మ పక్కన తడక మీద తీరిగ్గా గీరుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది కూడా.

"ఓనరు పిల్లుల్ని ఉంచుకోనియ్యడంట అత్తమ్మా" అన్నాను. (ఓనరు అలాంటిదేమీ అనలేదు, నేను అడగనూ లేదు.) అత్తమ్మ అప్పుడు తలెత్తి, "నిజంగనేనా?" అని నన్ను నిలువునా అనుమానంగా చూసింది. పక్కనుంచి జాసూస్ కూడా అలాగే చూసింది. నిజమేనన్నాను. దారం ఎక్కింది.

ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే పక్క సీటామె లోపల ఏముందోనని ఒకటే చూపు. మూత తీసి చూపించాను. పట్నంలో ఎవరినీ నమ్మని ఆ పిల్ల, అప్పటి నేనే, ఒక పిల్లి ఇంకొకరిని నమ్ముకుందని చీకటి పడేదాకా కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది.