పెద్దన్నయ్య షాపు డీవీడీ

మా చిన్నన్నయ్యకు పుట్టినప్పటి నుంచీ వినపడదు. ఆ ముక్క చెప్పగానే జనం "అయ్యో పాపం" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. పాపమేమిటి? వాడు చేసిన బల్ల మీద ఏనుగెక్కినా కిర్రుమనదు. జాలి పడాలంటే మా పెద్దన్నయ్యను చూసి పడండి. రెండు చెవులూ శుభ్రంగా ఉండి కూడా వాడికి ఎవరి మాటా ఎక్కదు.

నేను బస్సు కండక్టర్ని. గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. బజారులో, ఆసుపత్రిలో, ఎక్కడికెళ్ళినా చిన్నన్నయ్య చేతులు అనే మాటను పైకి చెప్పేది నేనే. ఆ సైగలు ఏ బళ్ళోనూ నేర్చినవి కావు. అమ్మా వాడూ వంటింట్లో కూర్చుని కల్పించుకున్నవి. గడ్డం కింద రెండు వేళ్ళు ఆనిస్తే పెద్దన్నయ్య, ఎప్పుడూ తల ఎగరేసుకుని తిరుగుతాడు కాబట్టి. చెంప మీద తడితే చిన్నన్నయ్య. పెద్దన్నయ్య మాత్రం ఒక్క సైగ నేర్చుకుంటే ఒట్టు! "ఆ కోతి చేష్టలు నావల్ల కాదు" అనేవాడు.

వాడిది ఫర్నిచర్ షాపు. తెరిచిన రోజు అందులో ఉన్న ప్రతి కుర్చీ, ప్రతి మంచం చిన్నన్నయ్య కోసి, చిత్రిక పట్టి చేసినవే. ఆ రోజు పెద్దన్నయ్య వీడియో కెమెరా అద్దెకు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు. "వాడికెలాగూ మాట్లాడే పని లేదుగా, తీస్తాడులే" అన్నాడు. అందుకే ఆ డీవీడీలో ఊరందరూ ఉంటారు, సామానంతా చేసినవాడు తప్ప. తర్వాత భుజం పట్టేసి చిన్నన్నయ్య రంపం లాగలేకపోతే, "ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకోరా" అని భుజం తట్టి పంపించేశాడు. పట్టేసిన భుజమే తట్టాడు, చూడండి!

వాడు ఖాళీగా కూర్చునే రకమా? ముందు గదిలో పాత కంప్యూటరు పెట్టుకుని, జనం దాచుకున్న డీవీడీలను ఫోన్లలో ఆడేలా మార్చడం నేర్చుకున్నాడు. సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికింది. డిస్కులో ముక్కలు ముక్కలుగా ఉండే ఫైళ్ళను వరసగా పేర్చి, మనుషులు లావుగా సాగిపోకుండా బొమ్మ కొలత సరిచూసి, ఎంపీఫోర్ చేస్తాడు. అయ్యాక స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి, శబ్దం వస్తోందో లేదో చివరిదాకా చూస్తాడు. చెయ్యి అదరకపోతే మళ్ళీ మొదటికి. వాడు మార్చిన వీడియోలో పాట ఎక్కడా తెగదని ఊళ్ళో పేరు.

ఈ మధ్య పెద్దన్నయ్య షాపు పెద్దది చేసి ఆ డీవీడీ పట్టుకొచ్చాడు. అందరికీ టీవీలో చూపించాలట. "ఫ్రీ సాఫ్ట్‌వేరేగా, వాడికేం ఖర్చు? చేసిపెట్టమను" అన్నాడు నాతో. కొత్త బోర్డు కూడా రాయించాడు. స్థాపకుడు అని పైన, కింద వాడొక్కడి పేరు. "చెయ్యకు, విసిరి కొట్టు" అని చిన్నన్నయ్యకు సైగ చేశాను.

వాడు డిస్కును మెత్తటి గుడ్డతో తుడిచాడు. "చేస్తాను. బోర్డు మీద నా పేరు వద్దు. ఆ సామాను నేను చేశానని అందరి ముందూ ఒక్కసారి చెబితే చాలు" అన్నాయి వాడి చేతులు. ఆ మాట పెద్దన్నయ్యకు చెప్పాను. "చూద్దాంలే" అన్నాడు.

షాపు మళ్ళీ తెరిచిన సాయంత్రం లోపలంతా చుట్టాలు, కొనేవాళ్ళు, పనివాళ్ళు. పెద్దన్నయ్య చాలాసేపు మాట్లాడాడు. తమ్ముడి ఊసే లేదు. ఆ పైన టీవీకి చిన్నన్నయ్య చేసిచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టాడు. పాత షాపు కనిపించింది. మైకు ముందు నల్లజుట్టుతో వాడే, "నా రెండు చేతులతో కట్టుకున్నాను" అనే ఉపన్యాసం. నోరు కదులుతోంది, శబ్దం లేదు. రిమోట్‌తో కుస్తీ పట్టాడు. వదిన వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టింది. ఊహూఁ.

"చెవిటాడికిస్తే ఇంతే! సౌండు పోయిందని వాడికెలా తెలుస్తుంది? నాకే బుద్ధి లేదు" అన్నాడు పెద్దన్నయ్య. అందరూ నవ్వారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోతే చిన్నన్నయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని టీవీ వైపు చూపించాడు.

తెర మీద పెద్దన్నయ్య వెనక మా అమ్మ నిలబడి ఉంది. పోయి చాలా కాలమైంది, అక్కడ మాత్రం దుక్కలా ఉంది. కెమెరా వంక సూటిగా చూస్తూ చేతులు ఆడిస్తోంది. ఎన్నిసార్లు చూశాను ఈ వీడియో! ప్రతిసారీ ఆ ఉపన్యాసానికి పళ్ళు నూరడంతోనే సరిపోయింది. అమ్మ మాట్లాడుతున్నది కెమెరా పట్టుకున్న కొడుకుతో.

"పెద్దావిడ ఏదో చెబుతున్నట్టుందే" అన్నాడు పాలిష్ వేసే ముసలాయన.

"చెబుతోంది. వినండి" అన్నాను, బస్సు చివరి సీటుకు వినిపించే గొంతుతో.

"నువ్వు నోర్ముయ్యవే!" అన్నాడు పెద్దన్నయ్య.

నేను ముయ్యలేదు. అమ్మ గడ్డం కింద వేళ్ళు ఆనించింది. "పెద్దాడు అబద్ధం చెబుతున్నాడు." చెంప తట్టింది. "ఈ కుర్చీలు నువ్వు చేశావు. మంచాలు నువ్వు చేశావు. నీ పేరు చెప్పమని వాడికి చెప్పాను. వినలేదు. నాకు తెలుసురా నాన్నా, నాకు తెలుసు."

ఎవరూ నవ్వలేదు. పాలిష్ ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "నిజమే, అన్నీ ఆయన చేసినవే. నేనే రంగు పూశాను" అన్నాడు అందరికీ వినపడేలా. పెద్దన్నయ్య టీవీ కట్టేసి, "రేపు సౌండుతో చేసి పంపించమను" అని గొణుగుతూ లోపలికి పోయాడు. వేడుకకని కొత్త బోర్డు మీద కప్పిన గుడ్డ ఆ రోజు తీయనే లేదు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "స్పీకర్ మీద చెయ్యి పెట్టి చూసుకోలేదా?"

వీధి దీపం కింద చిన్నన్నయ్య ఆగాడు. వాడి చేతులు విసురుగా లేచాయి. వాడికి అంత కోపం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"చూశాను. వాడు మాట్లాడినంతసేపూ అదురుతూనే ఉంది. అందుకే సౌండు తీసేసి మళ్ళీ చేశాను" అన్నాడు. "అమ్మ మాట్లాడుతుంటే వాడి గొంతు మీకు అడ్డం వస్తోంది."