సారు అడిగిన కిరీటం

మొన్న యూనివర్సిటీ నుంచి మా నాటకం సారు సంస్మరణ సభకు ఆహ్వానపత్రం వచ్చింది. ఆయనతో ఊళ్లు తిరిగిన పాత శిష్యుణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్పాలట. చెప్పవచ్చు గానీ, అందులో ఒక మాట నేను ఇంతవరకు ఎవరి దగ్గరా పైకి అనలేదు.

అరవైతొమ్మిది ఉద్యమంలో జనగామ రోడ్ల మీద నినాదాలిచ్చి, చదువులో ఒక ఏడాది పోగొట్టుకున్న మా ఈడువాళ్లకు తెలుసు, అప్పట్లో కోస్తా యాసలో ఎవరైనా "ఏమండీ" అంటే చాలు, వీడేం పట్టుకుపోవడానికి వచ్చాడా అని మనసు కీడు శంకించేది. సారుది ఆ వైపే. నాటకశాఖలో చేరిన మొదటి రోజు నుంచే ఆయన మీద నాకొక కన్నుండేది. సెలవు దొరికితే బస్సెక్కి చిందు భాగోతులను వెతుక్కుంటూ మా వైపు వచ్చేవారు, దారి తెలిసినవాణ్ణని నన్ను వెంటబెట్టుకునేవారు. ఒకసారి కొడకండ్లలో మా ఇంట్లో దిగి ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నోటుబుక్కు తెరిచి చూశాను. దరువులు, అడుగులు, పాదాల బొమ్మలు తప్ప ఏమీ లేవు. అయితే అసలు పుస్తకం ఇంకెక్కడో దాచి ఉంటాడనుకున్నాను! అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

పెద్దవంగర దగ్గర ఒక చిందు తాత ఉండేవాడు. ఆయన ఇంట్లో మూడు తరాల నాటి కిరీటం, తేలిక చెక్కతో చెక్కి అద్దం బిళ్లలు పొదిగింది. పెట్టెకు మొక్కకుండా మూత తీసేవారు కాదు, వేషం కట్టేవాడు తప్ప మరొకరు ముట్టేవారు కాదు. సారు చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, నెల రోజులు ఇస్తే అచ్చం అలాంటిది చేయించి, పిల్లలకు ఆ పనితనం నేర్పించి, తిరిగి తెచ్చిస్తానన్నారు. తాత సగం ఒప్పుకున్నాడు కూడా. సారు బయటికి వెళ్లగానే నేను తాత చెవిలో ఊదాను.

"ఇయ్యకు తాతా, గది పోతే మల్ల రాదు."

"నువ్వే గట్లంటే నేనెట్లిస్త, చిన్నపటేలా?" అన్నాడాయన. పటేలు ఇంటి పిల్లవాడి మాట ఆయనకు సలహా కాదు, ఆజ్ఞ అని నాకప్పుడు తట్టలేదు.

తాత ఇవ్వనన్నాక సారు కిరీటం ఊసు వదిలేశారు. తాతనే బతిమాలి యూనివర్సిటీకి పిలిపించి పిల్లలకు అడుగు నేర్పించారు, అట్టతో చేసిన కిరీటాలతోనే ఆ ఆటను ఎన్నో వేదికలెక్కించారు. తాత పోయాక, కొడుకులు భూపాలపల్లి బొగ్గుబావుల్లో పనికి వెళ్లిపోయారు. మూసి ఉన్న ఇంట్లో పెట్టెకు చెదలు పట్టింది. కబురు తెలిసి నేను వెళ్లి మూత తీసేసరికి అద్దం బిళ్లలూ, ఇంత మట్టీ మిగిలాయి.

పదవీ విరమణ నాడు సారు నన్ను పక్కకు పిలిచి, "ఏమోయ్, ఆ కిరీటం క్షేమమేనా?" అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తడబడి, భద్రంగా ఉంది సార్ అన్నాను. ఆయన మొహంలో ఎంత సంతోషమో! అది తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన ఆ అబద్ధాన్నే నమ్మి వెళ్లిపోయారు.

ఇప్పుడు జనగామ నుంచి మహబూబాబాదు దాకా ఏ యాసవాడొచ్చినా ఎవరూ అనుమానంగా చూడరు. కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, ఎంత కావాలంటే అంత ఫోనుల్లో వీడియో తీసుకోనిస్తారు. మంచి మార్పే. కాకపోతే, ఎవరైనా పట్టుకుపోతారేమోనని భయపడేంతటిది మా ఊళ్లలో ఇప్పుడేమీ లేదు.