షార్జా సిమ్ముకు పోయిన ఓటీపీ

సిరిసిల్లలో బీడీలు చేసే ఆడవాళ్లలో తిరుమలది చురుకైన చెయ్యి. పక్కింటామె ఇంకా ఆకు కత్తిరిస్తుండగానే తిరుమల తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి చాటలో పడేస్తుంది. ఆ చేతులకు బీడీలు కాక మరో పని కూడా వచ్చని వాడకట్టులో కొద్దిమందికే తెలుసు. తెలిసినవాళ్లు నవ్వారు. నలభై దాటిన మనిషి, కాలేజీ చదివే బిడ్డ ఉన్న మనిషి, పొద్దుగూకే వేళ చాట పక్కకు పెట్టి టీవీ ముందు వీడియో గేమ్ ఆడుతుందంటే నవ్వక ఏం చేస్తారు? మగవాళ్లు పొద్దంతా పేకాట ఆడితే అది కాలక్షేపం. ఆడమనిషి తన ఇంట్లో తాను కూర్చుని నాలుగు మీటలు నొక్కితే మాత్రం పిచ్చి.

ఆ పిచ్చి నిన్న మొన్నటిది కాదు. చిన్నప్పుడు తల్లి చేసిన బీడీలను గంపలో పెట్టుకుని తిరుమల కార్ఖానాకు మోసుకుపోయేది. దారిలో ఒక వీడియో గేముల దుకాణం ఉండేది. చీకటి గది, రెండు టీవీలు, వాటి చుట్టూ మగపిల్లల గుంపు. గడప మీద కాలు పెడితే చాలు, దుకాణం ఆయన "ఆడపిల్లవు, నీకు గిక్కడేం పని, నడువ్" అని కసిరేవాడు. అందుకని నెత్తిన గంపతోనే బయట నిలబడి చూసేది. ఆమెకు నచ్చిన ఆట ఒక్కటే. దీపం పట్టుకున్న చిన్న మనిషి ఒకడు పాడుబడ్డ కోటల్లో తిరుగుతుంటాడు. వాడు నడిచినకొద్దీ దీపంలో నూనె తగ్గుతుంది. నూనె అయిపోయేలోపు తాళంచెవి వెతుక్కుని తర్వాతి కోటకు పోవాలి. అసలు పేరు ఇంగ్లిషులో ఏదో ఉండేది గాని పిల్లలందరికీ అది దీపాల ఆటే. కూలిపోయే వంతెన ఉన్న కోట దగ్గర ఒక్కడూ బతికి బయటపడేవాడు కాదు. ఎక్కడ తప్పు చేస్తున్నారో బయట ఉన్న తిరుమలకు కనిపిస్తూనే ఉండేది. చెప్తే వినేవాడెవడు?

పెళ్లయింది. భర్త సాగర్ మరమగ్గాల సాంచాల మీద బట్ట నేసేవాడు. ఆ కూలితో ఇల్లు గడవక ఏసీల పని నేర్చుకుని షార్జా పోయాడు, ఏడేళ్లు ఉన్నాడు. అక్కడ ఉండగా బిడ్డ ప్రవళిక కోసం టీవీకి తగిలించే ఆటల మెషీన్ కొన్నాడు. ఆ మెషీన్‌లోనే ఒక దుకాణం ఉంటుందని, పాత పాత ఆటలు కూడా దొరుకుతాయని, డబ్బు కడితే మెషీన్‌లోకి దిగుతాయని ఫోన్‌లో చెప్పాడు. "బిడ్డకు ఏం ఆటలు కావాలె" అని అడిగితే తిరుమల జర సిగ్గుపడుతూ దీపం పట్టుకున్న మనిషి సంగతి చెప్పింది. సాగర్ వెతికి, దానితోపాటు ఇంకో ఏడు ఆటలు కొన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగి కొనిపించుకున్నది అదొక్కటే.

ప్రవళికకు రెండు నెలల్లో మోజు తీరింది. తర్వాత పాలిటెక్నిక్ చదువని కరీంనగర్ హాస్టల్‌కు పోయింది. మీటల పలక తిరుమల చేతికొచ్చింది. వంతెన దాటిన రోజు ఆ సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియక అత్త లింగవ్వకు చెప్పింది. "దాటితే దాటినవ్ గని, పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్ జూడు" అంది లింగవ్వ. అయినా తిరుమల ఆగలేదు. కోట తర్వాత కోట, ఆఖరి కోట దాకా వచ్చింది. అందులో ఆఖరి తలుపు ఒకటి ఉంది. దాని వెనకాల ఏముందో చిన్నప్పటి ఆ దుకాణంలో కూర్చున్న మొనగాళ్లెవరికీ తెలియదు. తాను చూడాలి. ఇంకేం కోరిక లేదు ఆమెకు, నిజంగా.

మెషీన్‌లో జాగా తక్కువ. ఒక ఆట దించాలంటే మరొకటి తీసెయ్యాలి. తీసేసినా దుకాణంలో మన పేరు మీద భద్రంగా ఉంటుంది, మళ్లీ ఊరికే దించుకోవచ్చు. ఎండాకాలం సెలవులకు చెల్లెలి పిల్లలు వచ్చి కార్ల పందెం కావాలని పేచీ పెడితే, తిరుమల దీపాల ఆటను తీసి కార్లను దించింది. మనం కొనుక్కున్న సామాను ఎక్కడికి పోతుందన్న ధీమా. పిల్లలు పోయాక పెళ్లిళ్లు, ఆ వెంటనే వానలు, ఆకు తడిసి బీడీల పని రెట్టింపు. మెషీన్ పెట్టినప్పుడల్లా తెర మీద ఏదో ఇంగ్లిషు చీటీ వచ్చేది. కింద ఓకే అని ఉండేది. తిరుమల ఓకే నొక్కేది. చీటీ పోయేది. బ్యాంకు కాగితం మీదైనా, ఫోన్‌లోనైనా మనవాళ్లు ఇంగ్లిషుకు ఇచ్చే జవాబు అదే కదా.

ఆదివారం ఇంటికొచ్చిన ప్రవళిక ఆ చీటీ చదివి తల్లిని అడిగింది.

"అవ్వా, గిది ఎప్పటి నుంచి వస్తుంది?"

"ఏమో, ఎండకాలం నుంచి వస్తుంది. ఓకే అంటే పోతది."

"దుకాణం బంద్ చేస్తున్నరట. గీ నెలాఖరే ఆఖరు. కొన్నయన్నీ అంతలోపే దించుకోవాలె, తర్వాత దొరకయని రాసిండ్రు."

తిరుమలకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. "వాని దుకాణం వాడు బంద్ చేసుకోమను. నా సామాను ఎందుకు దొరకది? మన కుట్టు మిషన్ కొన్న దుకాణం మూసి ఎన్నేండ్లాయె. వచ్చి మిషన్ ఎత్తుకపోయిండ్రా?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పే నాథుడు మాత్రం లేడు.

దించుకుందామని చూస్తే దుకాణం తలుపు తెరుచుకోలేదు, తెర మీద ఏదో చక్రం తిరుగుతూ ఉండిపోయింది. "ఒకసారి బయటికొచ్చి మళ్లా లోపలికి పోతే సరైతది" అని ప్రవళిక తెలివిగా ఖాతాలోంచి బయటికి వచ్చింది. మళ్లీ లోపలికి పోవడానికి పాస్‌వర్డ్ అడిగింది. సాగర్‌ను అడిగితే "నాకేం ఎరుక? షార్జాల దుకాణం పిలగాడు కొట్టిండు" అన్నాడు. మరిచిపోయామని నొక్కితే, మీ నంబరుకు ఓటీపీ పంపుతాం అంది మెషీన్. ఆ నంబరు షార్జా నంబరు. సాగర్ ఆ ఊరు వదిలి మూడేళ్లయింది.

షార్జాలో మనవాళ్లుండే గదుల్లో ఒక పద్ధతి ఉంది. పూర్తిగా ఊరికి వచ్చేసేవాడు తన మంచం, దుప్పటి, అన్నం కుక్కర్‌తోపాటు సిమ్ము కూడా కొత్తగా వచ్చినవాడికి ఇచ్చి వస్తాడు. ఫోర్‌మన్‌కు, అరువిచ్చే కిరాణా ఆయనకు తెలిసిన నంబరు కాబట్టి కొత్తవాడికి మొదటి రోజు నుంచే పరిచయం ఉన్నట్టు ఉంటుంది. సాగర్ మంచం అలా రెండు చేతులు మారింది. నంబరూ మంచంతోపాటే పోయింది.

"నువ్వు ఫోన్ చేసి అడుగు" అంది తిరుమల.

"ఏమని? మా ఆడామె వీడియో గేమ్ ఆడుతది, ఓటీపీ చెప్పుమనా? రూమంత నవ్వుతరు" అన్నాడు సాగర్. ఏసీలు బాగుచేసే సామాన్ల సంచి తగిలించుకుని బయటికి పోయాడు. రేపు చేస్తా, ఎల్లుండి చేస్తా అని వారం గడిపాడు. ఎండలో ఏడేళ్లు నిలబడ్డ మనిషికి నలుగురు నవ్వుతారంటే అంత భయమేమిటో.

తిరుమల తానే చేసింది. నంబరు వెతుక్కోనక్కర్లేదు, నోటికి వచ్చు. ఏడేళ్లు రోజూ మొగుడు ఎత్తిన ఫోను ఇప్పుడు ఎవరో కుర్రవాడు ఎత్తాడు.

"తమ్మీ, నేను సిరిసిల్ల నుంచి మాట్లాడుతున్న. నీ ఫోనుకు ఒక నంబర్ వస్తది. జర అది నాకు చెప్పాలె."

"మన మాట మంచిగనే నేర్చుకున్నవ్ అక్కా. నా కాడ గీ పప్పులుడకయ్" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే మోగలేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతుంటే, తెలియని ఆడగొంతు నేరుగా ఓటీపీ అడిగింది మరి. వాడి తప్పేముంది? జీవితంలో ఒకరి బీడీ కట్ట కూడా ముట్టని తిరుమల దొంగల లెక్కలో పడింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. అవమానం కన్నా కోపం ఎక్కువ. కోపం కన్నా, ఎవరి మీద కోపపడాలో తెలియకపోవడం ఇంకా ఎక్కువ.

మర్నాడు, ఆదివారం ఇంటికొచ్చిన ప్రవళిక ఫోన్ నుంచి తిరుమల మళ్లీ చేసింది. ఈసారి ఓటీపీ మాట ఎత్తలేదు.

"తమ్మీ, పెట్టెయ్యకు. నువ్వు అన్నం వండే కుక్కర్ మూతకు పిడి ఇరిగింది. దానికి పచ్చ బట్ట చుట్టి ఉంటది. అది నా చీర ముక్క. నువ్వు పండుకునే మంచం మీద నా పెనిమిటి సాగర్ ఏడేండ్లు పండుకున్నడు."

ఈసారి పెట్టెయ్యకుండా మెల్లగా, "పచ్చది నల్లగైంది అక్కా" అన్నాడు కుర్రవాడు.

అతని పేరు అరుణ్. లక్సెట్టిపేట దగ్గరి పల్లె. ఆట సంగతి చెబితే నవ్వలేదు. "నేను గూడ చిన్నప్పుడు మస్తు ఆడిన" అన్నాడు. ఇక పని అయినట్టే అనుకుంది తిరుమల. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, అరుణ్ ఒప్పుకున్నా వాడి కొలువు ఒప్పుకోలేదు. పని జాగాలో ఫోన్లు పెట్టెలో పెట్టించుకుంటారట. ఓటీపీ ఏమో కాసేపట్లో చచ్చిపోతుంది. తిండి వేళకు అడిగితే అక్కడ సిగ్నల్ లేదు. బస్సులో ఉండగా అడిగితే వచ్చింది గాని, వాడు చదివి చెప్పేసరికి గడువు దాటిపోయింది. వరుసగా తప్పిపోయేసరికి, మీరు చాలాసార్లు ప్రయత్నించారు, ఇక రేపు రండి అంది మెషీన్. కంపెనీకి రాద్దామని ప్రవళిక ఇంగ్లిషులో పెద్ద ఉత్తరం కొట్టింది. మీ ఇబ్బందికి చింతిస్తున్నాం అని రెప్పపాటులో జవాబు వచ్చింది. ఏ ప్రశ్న వేసినా అదే చింత. చెవిటివాడి ముందు శంఖం ఊదినా, కనీసం వాడు మన ముఖం చూస్తాడు.

చివరికి అరుణ్ తన సెలవు రోజున నిద్ర మానుకుని గది మెట్ల మీద, సిగ్నల్ అందే చోట, ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ ప్రవళిక కరీంనగర్ నుంచి బస్సెక్కి వచ్చింది. సాగర్ పనికి పోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అరుణ్ ఒక్కో అంకె చెబుతుంటే ప్రవళిక నొక్కింది. దుకాణం తెరుచుకుంది.

ఎనిమిది ఆటలూ వరుసగా ఉన్నాయి. ఏడింటి పక్కన దించుకునే బాణం గుర్తు ఉంది. దీపాల ఆట పక్కన లేదు. ప్రవళిక దాని మీద నొక్కి, వచ్చిన చీటీ చదివి, ఇంకోసారి చదివి, తల్లి ముఖం చూడకుండా చెప్పింది. "గీ ఆట చేసినోళ్లకు, దుకాణమోళ్లకు ఉన్న ఒప్పందం గడువు అయిపోయిందట అవ్వా. మొన్న సోమవారమే తీసేసిండ్రట."

"నెలాఖరు దాక ఉంటదంటివి గద?"

"మిగిలినయి ఉన్నయి. గిదొక్కటే పోయింది."

"మనం కొన్నట్టు వానికి ఎరుకేనా?"

"ఎరుకే. కొన్నరు అని పక్కకే రాసి ఉన్నది."

"మరి?"

మెషీన్‌లో ఇంకో మూల తిరుమల ఆడిన గుర్తు అలాగే ఉంది, ఆఖరి కోట, దీపంలో సగం నూనె. ఆట లేదు.

"వచ్చిందా అక్కా?" అని ఫోన్‌లో అరుణ్.

"రాలే తమ్మీ."

"నేనేమన్న అంకె తప్పు చెప్పిన్నా?"

"నీ తప్పేం లేదు. నువ్వు పండుకో బిడ్డా."

సోమవారం అన్న మాట సాగర్ విన్నాడు. రేపు, ఎల్లుండి అని తాను పోగొట్టిన వారం సరిగ్గా అంతకు ముందుదే. తిరుమల ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే ఆయనకు తేలికయ్యేది, అందుకే ఎత్తలేదు. "ఏడు ఉన్నయి గదనే, అయ్యి ఆడుకో" అంది లింగవ్వ, తన మటుకు తాను ఓదార్పుగానే. తిరుమల చాట ముందుకు లాక్కుంది. ఆ వారమంతా ఆమె చుట్టిన బీడీలు గట్టిగా బిగుసుకుపోయి, ఆకు చిట్లి, కార్ఖానాలో ఏరి పక్కన పడేశారు. అట్లా ఆమె బీడీలు వెనక్కి రావడం వాడకట్టు ఎన్నడూ చూడలేదు.

ఒక మధ్యాహ్నం సాగర్ పని మధ్యలో ఇంటికొచ్చాడు. ఎదురుగా చాప మీద కూర్చుని ఫోను ఆమె వైపు తిప్పాడు. ఎక్కడి నుంచి పట్టాడో, ఎవరో విదేశీయుడు దీపాల ఆటను మొదటి నుంచి చివరిదాకా ఆడి పెట్టిన వీడియో. ఆఖరి కోట దగ్గరికి జరిపి ఉంచాడు. తెర మీద దీపం మనిషి తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

"గా తలుపు వెనకాల ఏమున్నదో గీడ ఉన్నది జూడు" అన్నాడు. గొంతులో బతిమాలడం ఉంది.

తిరుమల చేతిలోని బీడీకి దారం కట్టడం పూర్తిచేసింది. దాన్ని చాటలో వేసి అప్పుడు తలెత్తింది.

"నువ్వు షార్జా నుంచి రోజు వీడియో కాల్ చేసేటోనివి. బిల్డింగులు జూపెట్టినవ్, సముద్రం జూపెట్టినవ్, నువ్వు పండుకునే మంచం జూపెట్టినవ్. ఏడేండ్లు అన్నీ జూసిన. గట్లైతే నేను షార్జా పోయొచ్చినట్టేనా?"

తలుపు తెరుచుకోక ముందే సాగర్ వీడియో ఆపి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ తలుపు వెనక ఏముందో ఆయన కూడా చూడలేదు.