చక్రం కింది మొద్దు

పాతబస్తీ అంచున, జల్‌పల్లి దాటాక ఉన్న కంకర క్రషర్‌లో మేస్త్రీ మొగులయ్య చెయ్యి రుచి చూడని చెంప లేదు. ఎవడైనా తప్పు చేస్తే ముందు దెబ్బ పడేది, మాట తర్వాత వచ్చేది. ఆ చెయ్యి చివరికి సొంత అల్లుడు డానియేలును కూడా వదల్లేదు. అదీ టిప్పర్ డ్రైవర్లందరి ముందు!

అల్లుడిని కొట్టడమేమిటని ముక్కున వేలేసుకోకండి. ముందు ఆ క్రషర్ మిషన్ సంగతి వినండి. దానికి రెండు ఉక్కు దవడలు. ఒకటి కదలదు, రెండోది ఊగుతూ బండను నములుతుంది. నలిగిన రాయి బెల్టు మీదుగా జల్లెళ్లకు ఎక్కుతుంది. అవి పూనకం వచ్చినట్టు ఊగి కంకరను, డస్టును వేరుచేస్తాయి. జల్లెడ దిగని ముక్క మళ్లీ దవడల్లోకే పోతుంది. పక్కన మనిషెత్తు చక్రం. బండ ఇరుక్కుంటే ఆ చక్రం బరువంతా బిగబట్టుకుని ఆగుతుంది. కరెంటు తీసేసినా సరే, బండ వదులైందా, చక్రం తిరుగుతుంది, దవడ మూసుకుంటుంది. అందుకే ఇరుక్కున్న బండను కదిలించడానికి లోపలికి దిగేవాడు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటే చాలదు, చక్రం కింద మొద్దు కూడా పెట్టాలి. డానియేలు పెట్టలేదు. దెబ్బ పడింది.

"ఫ్యూజులు నా జేబుల ఉన్నయ్ గద మామా! కరెంటే లేకుంటే చక్రం ఎట్ల తిరుగుతది?" అని అరిచాడు డానియేలు.

"నా బిడ్డ రూప బతుకు ఆగం జేస్తవారా?" అని అంతకంటే గట్టిగా అరిచాడు మొగులయ్య.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ బండ ఇరుక్కుంది. నిన్నటి అవమానం ఇంకా మండుతున్న డానియేలు, మామ చూస్తుండగానే మొద్దును కాలితో దూరంగా తన్ని, గడ్డపారతో దవడల మధ్యకు దిగాడు.

మొగులయ్య తిట్టుకుంటూ మొద్దు కోసం పరుగెత్తాడు. అది చేతికందేసరికి లోపల బండ కదిలింది. చక్రం కిర్రుమంది. మొద్దును దాని కిందికి కుక్కాడు. మొద్దుతో పాటు చెయ్యీ చక్రం కిందికి పోయింది. ఎముకలు విరిగిన చప్పుడు బెల్టు దగ్గర పనిచేసే కాశమ్మకు కూడా వినిపించింది. చక్రం ఆగింది. లోపల దవడ డానియేలు చెప్పు అంచును కొరికి ఆగింది. పాదం దక్కింది.

ఆస్పత్రిలో మొగులయ్య కుడి చేతిని మణికట్టు దాకా తీసేశారు. మంచం పక్కన డానియేలు తల దించుకుని నిలబడ్డాడు.

"ఇటు రా" అన్నాడు మొగులయ్య.

వచ్చాడు. ఎడమ చెయ్యి చెళ్లుమంది.

"బాపూ!" అని కెవ్వుమంది రూప.

"అలవాటు లేని చెయ్యి, సక్కగ తగల్లే" అన్నాడు మొగులయ్య. ఆ మాటతోనే ఏడుపు తన్నుకొచ్చింది. అల్లుడి మెడ పట్టి దగ్గరికి లాక్కున్నాడు.

"మొద్దు పెట్టు బిడ్డా. ఇంకొక్క చెయ్యే ఉంది నాకు."