చివరి వరుసకి చేరాల్సిన గొంతు

2023 మే నెల. నూజివీడులో మామిడి కోతలు జోరుగా సాగుతున్నాయి. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, తిరునాళ్ళు అన్నీ ఒకేసారి మా మైక్ సెట్ షాపు మీద పడ్డాయి. బాక్సులు, వైర్లు మా ఆయన చూస్తారు. మిక్సర్ ముందు నేను కూర్చుంటాను. మిక్సర్ అంటే ఏ మైకు గొంతు ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో చూసుకునే మీటల పెట్టె. ఇరవై రెండేళ్ళుగా నా పని అదే. ఆడమనిషి ఆ పెట్టె ముందు కూర్చుందని ఇప్పటికీ ఫొటోలు తీసుకునేవాళ్ళున్నారు. తీసుకోనివ్వండి.

ఊళ్ళో రిటైరైన ఆచార్యులు కొందరు కలిసి నెలకో శనివారం సాయంత్రం బహిరంగ ప్రసంగాలు పెట్టేవారు. ఎవరు పనిచేసిన యూనివర్సిటీ గురించి వారు చెప్పాలి. ఎవరైనా రావచ్చు, చివర అందరికీ మజ్జిగ. నాకు ఆ ప్రోగ్రాం అంటే సెలవు రోజుతో సమానం. ఒక మైకు, రెండు బాక్సులు పెట్టేసి, మధ్యలో నేనో కునుకు తీసినా అడిగేవారుండరు.

ఆ నెల వంతు సర్వేశ్వరరావు గారిది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్ళు పండ్లతోటల పాఠాలు చెప్పిన మనిషి. ఏయే దేశాల నుంచి విద్యార్థులు అక్కడికి వచ్చి చదివారో, ఇక్కడి విద్య ఎక్కడెక్కడికి వెళ్ళిందో చెప్పాలని ఆయన అనుకున్నారు. వారం ముందు తనే షాపుకొచ్చారు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఆయన గొంతు దెబ్బతింది. పెదాలు కదులుతున్నాయి గానీ మాటకన్నా గాలే ఎక్కువ వస్తోంది.

“ఈ గొంతు చివరి వరుసకి చేరుతుందా అమ్మా?” అన్నారు.

“ఎలక్షన్ మీటింగులకి పెట్టిన మైకులండీ మావి. పక్కూరు హనుమాన్ జంక్షన్ దాకా వినపడేలా పెడతాను” అన్నాను. గొప్పలకేం తక్కువ?

శుక్రవారం ప్రసంగం జరిగే హాల్లో పెట్టి చూశాం. చొక్కాకి కాలర్ మైకు తగిలించి గెయిన్ పెంచాను. గెయిన్ అంటే మైకు ఎంత సన్నటి చప్పుడునైనా లాక్కునే శక్తి. అది సార్ గొంతుని వదిలేసి తొమ్మిది ఫ్యాన్ల హోరుని, రెండు కూలర్ల రొదని లాక్కుంది. ఇంకాస్త పెంచితే బాక్సులు కుయ్యిమన్నాయి. దాన్ని మేం ఫీడ్‌బ్యాక్ అంటాం. బాక్సులోంచి వచ్చిన చప్పుడే మళ్ళీ మైకులోకి దూరి వేసే ఈల అది. నా గొప్పలన్నీ ఆ ఈలతోనే దిగిపోయాయి.

ఆ ప్రసంగాలు నడిపే సంఘం కార్యదర్శి గారు మంచి మనసుతోనే అన్నారు. “మీరు రాసివ్వండి సార్. ఎవరిచేతైనా చదివిద్దాం. మీరు స్టేజీ మీద కూర్చుంటే చాలు.”

సర్వేశ్వరరావు గారు తల అడ్డంగా ఊపి నా దగ్గరకొచ్చి కూర్చున్నారు.

“మా యూనివర్సిటీ చరిత్ర అని ఒక పుస్తకం వేశామమ్మా. ఏ దేశం నుంచి ఎవరొచ్చారో అందులో అందరి పేర్లూ ఉన్నాయి. వాళ్ళ చేతికి కత్తిచ్చి, మామిడి అంటు కట్టడం నేర్పిన తోటమాలి కోటయ్య పేరు లేదు. ఆ పుస్తకం రాసింది నేనే. కోటయ్య పోయాడు. వాళ్ళమ్మాయి నాగమణి విస్సన్నపేటలో ఉంటోంది. వెళ్ళి పిలిచాను, వస్తానంది. ఆమె ముందు కూర్చునే రకం కాదు, చివర కూర్చుంటుంది. నా తప్పు నా నోటితోనే ఆమెకి వినపడాలి.”

నాకు సిగ్గేసింది. ఆయన మొదటిరోజే చివరి వరుస అని అడిగారు. నేను జంక్షన్ దాకా వెళ్ళిపోయాను.

శనివారం పొద్దున్నే పని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. పెద్ద బాక్సులు తీసేయించాను. చెవికి తగిలించుకుంటే పెదవి పక్కకి వచ్చే హెడ్‌సెట్ మైకు తెప్పించాను. భజనలకి పెట్టే ఎకో, అదే ప్రతిధ్వని, తీసేశాను. చిన్న బాక్సులు రెండు హాలు మధ్యలో, రెండు చివరి వరుస పక్కన పెట్టాను. ఇక మిగిలినవి ఫ్యాన్లు.

“మే నెలలో ఫ్యాన్లు ఆపుతావా? జనం లేచిపోతారమ్మా” అన్నారు కార్యదర్శి గారు.

సాయంత్రానికి హాలు నిండింది. సగంమంది తోటల్లోంచి అటే వచ్చినట్టున్నారు, చొక్కాల మీద సొన మరకలు. చివరి వరుసలో గోడ పక్కన అరవై ఏళ్ళ మనిషొకామె సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాగమణి ఆవిడేనని సార్ సైగ చేశారు.

ఇరవై రెండేళ్ళలో మైకులో నేను ‘హలో, మైక్ టెస్టింగ్’ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడాను. “అయ్యా, సార్ గొంతు చిన్నది. ఫ్యాన్లు ఆపేస్తున్నాను. గంటసేపు ఓర్చుకోండి.”

గుసగుసలు లేచాయి. ముందు వరుసలో ఒక లావుపాటి రైతు, “ఉడికిపోతాం కదమ్మా! కాస్త సౌండ్ పెంచరాదూ?” అన్నాడు.

“పెంచితే ఫ్యానే పెరుగుద్దండీ, సారు పెరగరు!” అన్నాను.

హాలంతా నవ్వింది. ఆ రైతు లేచాడు. వెళ్ళిపోతున్నాడనుకున్నాను. నేరుగా కూలర్ దగ్గరికెళ్ళి ప్లగ్గు పీకి, తువ్వాలుతో విసురుకుంటూ వచ్చి కూర్చున్నాడు. రెండో కూలరూ, ఫ్యాన్లూ ఒక్కొక్కటే ఆగాయి.

సర్వేశ్వరరావు గారు మొదలుపెట్టారు. ఉగాండా నుంచి వచ్చిన కుర్రాడు మొదటిరోజు చిన్నరసం మామిడిపండుని చాకుతో కోయబోతే, కోటయ్య లాక్కుని, మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, జుర్రుకోమని చేతిలో పెట్టాడట. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ కుర్రాడు అంటు కట్టడం కోటయ్య వేళ్ళు చూసే నేర్చుకున్నాడు. తన దేశం వెళ్ళి నర్సరీ పెట్టి, కాపు వచ్చాక ఉత్తరం రాశాడు. అందులో మొదట అడిగింది కోటయ్య క్షేమం.

“ఆ ఉత్తరాన్ని పుస్తకంలో వేశాను. కోటయ్యని అడిగిన వాక్యం మాత్రం అనవసరమనుకుని తీసేశాను. తప్పు చేశాను. ఆ దేశాలకి మా విద్యని మోసినవి కోటయ్య చేతులు.”

ఎవరూ విసురుకోవడం లేదు. సార్ చివరి వరుస వైపు చూశారు. “వినపడిందా అమ్మా?”

నాగమణి లేచి నిలబడింది. చెమటో కన్నీళ్ళో, కొంగుతో మొహం తుడుచుకుంది.

“అంతా వినపడిందండీ. మా నాన్న పేరు ఇంకొక్కసారి చెప్తారా?”

ఆయన చెప్పారు. అప్పుడు మాత్రం నేను మీట ఒక్క గీత పైకి జరిపాను. బాక్సులు ఈల వెయ్యలేదు.

ఎంత చప్పుడు చేయగలిగితే అంత పనితనం అనుకుని అన్నేళ్ళు బతికాను. ఇప్పుడు షాపుకి ఎవరొచ్చినా ఎన్ని బాక్సులు కావాలని మొదట అడగను. ‘ఎవరికి వినపడాలండీ?’ అని అడుగుతాను.